షెకూవే సరంగు పడవ చెక్క

రంపం మళ్లీ మేకుకు తగిలింది. మ్వానఖేరి ఎత్తి చూస్తే మూడు పళ్లు ఎగిరిపోయి ఉన్నాయి. ఈ వారంలో ఇది రెండో రంపం.

లాము దీవిలో పాత పడవల చెక్కతో బల్లలు, బెంచీలు చేసేవాళ్లలో ఆడమనిషి ఆమె ఒక్కతే. పోయిన నెల షెకూవే సరంగు తన తెరచాప పడవను ఆమెకు అమ్మేశాడు. పడవతో పాటు సరంగూ వచ్చిపడ్డాడు. పొద్దున్నే షెడ్డు ముందు చతికిలబడితే, మధ్యాహ్నం నమాజు పిలుపు వినిపించేదాకా కదలడు.

"ఆ చెక్కను బల్ల కాళ్లకు వాడకు పిల్లా. అది పడవ ముక్కుది. దానికో మర్యాదుంది."

"అమ్మేశావుగా తాతా! ఇంకా నీకెందుకు?"

"అమ్మింది చెక్క. మర్యాద కాదు."

మ్వానఖేరి పళ్లు నూరుకుంటూ ఆ చెక్కను పక్కన పెట్టింది.

అప్పుడే, ఒడ్డున లాడ్జి నడిపే న్యాంబురా వచ్చింది. ఎనిమిది మంది కూర్చునే భోజనాల బల్ల కావాలట. నీలిరంగు ఇంకా అక్కడక్కడా అంటుకునున్న చెక్కను ముచ్చటగా నిమిరింది.

"ఎంత బాగుందో!"

"బాగుండదా మరి!" అన్నాడు సరంగు. "పదేళ్లు దీని మీదే పాటే దీవి నుంచి మేకల్ని తోలుకొచ్చా. వాన పడితే ఇప్పటికీ ఆ కంపే."

న్యాంబురా చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆలోచించి చెబుతానని వెళ్లిపోయింది.

మ్వానఖేరికి ఒళ్లు మండిపోయింది. "నా కడుపు కొట్టడానికే వస్తున్నావా? అంత తెలిసినవాడివైతే మేకులెక్కడున్నాయో చెప్పు!"

సరంగు నెమ్మదిగా లేచాడు. కళ్లు మూసుకుని చెక్కను అరచేత్తో తడిమి, బొగ్గుముక్కతో పదకొండు చోట్ల గుర్తులు పెట్టాడు. ఆమె ఉలితో తవ్వి చూసింది. ప్రతి గుర్తు కిందా తుప్పుపట్టిన మేకుంది.

"అన్నీ తెలిసుండి, రెండు రంపాలు పోయేదాకా చూస్తూ కూర్చున్నావా?"

"నువ్వడగలేదుగా!"

ఆమె పట్టకారు తెచ్చి అతని ఒళ్లో పడేసింది. మర్నాటి నుంచి మేకులు పీకడం సరంగు పని.

నాలుగో రోజు న్యాంబురా తిరిగొచ్చింది. "కొత్త చెక్కకు రంగు పూసి పడవ చెక్క అని అంటగట్టేవాళ్లే అంతా. మేకల సంగతి మాత్రం ఎవరూ కల్పించి చెప్పరు. నాకిదే కావాలి."

సరంగు గడ్డం సవరించుకున్నాడు. మ్వానఖేరి అతనివైపు చూడనే లేదు.

బల్ల తయారయ్యాక నలుగురు మోసుకెళ్లి లాడ్జిలో దించారు. సరంగు వెనకే వెళ్లి అడ్డంగా తలూపాడు.

"ముక్కు చెక్క ఉన్న కొస సముద్రం వైపుండాలి. తిప్పండి."

మోసినవాళ్లు అప్పటికే వెళ్లిపోయారు. మ్వానఖేరి గొణుక్కుంటూ బల్ల రెండో కొస పట్టుకుంది.