ఇంగువ వాసన

మా నాయన మాలకొండయ్యకు డెబ్బై నాలుగేళ్లు. నిరుడు కళ్లు తిరిగి పడ్డాక, ఆత్మకూరులోని మా కిరాణా అంగడికి ఇక రావద్దని చెప్పి, రామకోటి పుస్తకం చేతిలో పెట్టాను. ఈ వయసులో భగవన్నామం కంటే ఇంకేం కావాలనుకున్నాను. ఏడాదిపాటు ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ఈ నెలలో మనిషే మారిపోయాడు. పొద్దున్నే స్నానం చేసి, ఉదయగిరిలో గుడికి పోతున్నానని బస్సెక్కుతాడు. సాయంత్రం వచ్చి అన్నం మారు అడుగుతాడు.

"రోజూ గుడికి పోయే మనిషి ఒక్కనాడన్నా ప్రసాదం తెచ్చినాడా?" అంది నా భార్య శ్రీవిద్య. "చొక్కా వాసన చూడండి. ఒకటే ఇంగువ. మామ ఎవురింట్లోనో తింటా ఉండారు."

"ఛీ, ఏం మాటలవి?"

"నేనేమంటి? ఏ నాటువైద్యుడో బలానికి లేహ్యం పెడతా ఉండాడేమో అంటి."

రామకోటి పుస్తకం తెరిచాను. నెల నుంచి ఒక్క నామం రాయలేదు. ఆయన చూపుడువేలి మీద ఎర్రటి గాటు కూడా చూశాను. ఎవరేం చేయిస్తున్నారు? ఊరుగాని ఊళ్లో మళ్లీ పడిపోతే?

మరునాడు ఆయన వెనకాలే తర్వాతి బస్సులో వెళ్లాను. గుడిలో నాయన గురించి అడిగితే పూజారి, "ఆ పెద్దాయనా? ఒక్కసారి వచ్చినాడు. గోపాలయ్య అంగడి యాడని అడిగి పోయినాడు" అన్నాడు.

అంగడి ముందు నలుగురు ఆడవాళ్లు. లోపల గోనెపట్టా మీద మా నాయన. పాత పేపరులో ఇంగువ పోసి మడిచి, పురికొస వేలికి చుట్టి టక్కున తెంపుతున్నాడు. మా అంగట్లో ప్లాస్టిక్ కవర్లు వచ్చాక పొట్లం కట్టిందే లేదు. ఆత్మకూరులోనైతే నన్ను కాదని ఆయన్ను ఎవరూ కూర్చోబెట్టుకోరు.

"పెద్దాయనా, నాది ముందు కట్టు. బస్సుకు టైమవతా ఉండాది."

"కడతాలే గానీ, మెంతులు వద్దా? మొన్న మర్చిపోయి మీ అత్త చేత తిట్లు తినినావంట!"

అందరూ నవ్వారు. నన్ను చూడగానే నాయన నవ్వు ఆగిపోయింది. పురికొస ఉండను కాళ్ల కిందికి తోశాడు.

"ఎవురు పంపినార్రా? నీ పెండ్లామా?"

"నాయనా, మళ్లా పడితే?"

"మంచం మీదుండిన ఏడాదీ, నాది ముందు కట్టమని ఒక్కరన్నా అడిగినార్రా?"

గోపాలయ్య తూకం ఆపి నన్నే చూస్తున్నాడు. ఆ రామకోటి పుస్తకం నాయన కోసం ఇచ్చానా, నా నిశ్చింత కోసమా?

"యాభై గ్రాములు ఇంగువ" అన్నాను.

"నీ అంగట్లో లేదా?"

"ఉండాది. ఇట్ట కట్టింది లేదు."

నమ్మాలో వద్దో తెలియనట్టు నా ముఖంలోకి చూశాడు. తర్వాత ఉండను మెల్లగా ముందుకు లాక్కున్నాడు.

"వరసలో నిలబడు. ఆమెకు బస్సుండాది."