ఒక విమానానికి ఒకే చెయ్యి

నా రాతలో తప్పులుంటే సర్దుకుని చదవండి. అక్షరాలు నాకు అరవై దాటాక వచ్చాయి. తోలు మీద పరిగెత్తే నా చెయ్యి కాగితం మీద పాకుతుంది. ఒక్కో మాట రాసి, పైకి చదువుకుని, సరిగానే ఉందనిపించాక రెండోది రాస్తున్నాను. మీకు తొందరగా ఉంటే దీన్ని ఇప్పుడే పక్కన పెట్టేయొచ్చు.

నేను చెప్పబోయే రోజు పొద్దున కూడా కాఫీ కాస్తున్నాను. విమానాల ఫ్యాక్టరీ నుంచి మనుషులు వస్తున్నారంటే కాఫీ, చీజు రొట్టెలు నా పని. మా సావో జోసే పట్నంలో నెత్తిమీద విమానం చప్పుడైతే ఎవరూ తలెత్తి చూడరు. ఇంటికొకరు ఆ ఫ్యాక్టరీకి పనిచేసేవాళ్లే. అక్కడ తయారయ్యేవి, డబ్బున్నవాళ్లు తమకోసం తాము కొనుక్కునే చిన్న జెట్‌లు. వాటి సీట్లకు తోలు తొడుగులు మా పెరట్లోని షెడ్డులో తయారయ్యేవి. షెడ్డు మీద నా భర్త నివాల్డో పేరు. తోలు కోసేదీ, బేరాలు మాట్లాడేదీ అతను. కుట్టేది నేను.

ఈ పనిలో ఒక కట్టుబాటు ఉంది. ఒక విమానానికి ఒకే చెయ్యి. అందులోని సీట్లన్నీ ఒక్క మనిషే కుట్టాలి. దారాన్ని ఒక్కొక్కరు ఒక్కోలా లాగుతారు. కిటికీలోంచి ఎండ ఏటవాలుగా పడితే రెండు చేతుల తేడా ఇట్టే బయటపడుతుంది. పైగా తోలు బట్టలాంటిది కాదు. సూది ఒకసారి దిగిందంటే ఆ చిల్లు పూడదు, విప్పి మళ్లీ కుట్టడమనేది లేదు. అందుకే నాకు జ్వరమొస్తే విమానం ఆగుతుంది. విమానం ఆగకూడదు కాబట్టి నాకు జ్వరం రాకూడదు. మా అమ్మ పోయిందని కబురొచ్చిన రోజు నా ముందు సగం కుట్టిన సీటు ఉంది. నివాల్డో గుమ్మంలో నిలబడి, గొంతు కూడా పెంచకుండా అన్నాడు: "విమానం కొన్న దుబాయ్ ఆయన తొందరపడుతున్నాడు అల్జీరా. మీ అమ్మకి ఇంక తొందరేముంది?" ఆ సీటు పూర్తి చేసి నేను మా ఊరు చేరేసరికి అమ్మ మీద పోసిన మట్టి ఆరిపోయింది.

వ్యాపారం సంగతులన్నీ కాఫీ పళ్లెం పట్టుకునే నేర్చుకున్నాను. అందరి ఇంజన్లూ ఇంచుమించు ఒకటే, అన్నీ ఒకే దూరం ఎగురుతాయి, ఇక గెలిచేది లోపలి హంగుతోనే అనేవారు ఫ్యాక్టరీవాళ్లు. పోటీ కంపెనీ క్యాబిన్‌ను కాస్త వెడల్పు చేసిందని బెంగపడేవారు. మహమ్మారి రోజుల్లో పక్కవాడి ఊపిరికి భయపడ్డ డబ్బున్నవాళ్లంతా సొంత విమానాలకు ఎగబడ్డారు. ఆ వేడి తగ్గాక, ఒక్కో విమానాన్ని నలుగురైదుగురికి వాటాలుగా అమ్మే కంపెనీలు పెద్ద గిరాకీ అయ్యాయి. అవి గంపగుత్తగా కొంటాయి, పోటీవాడి ధర చూపించి బేరమాడతాయి. నేను కప్పులు పెడుతుంటే ఎవరూ మాట ఆపేవారు కాదు. కుర్చీని చూసి ఎవరైనా మాట ఆపుతారా? ఎవరైనా కుట్టును మెచ్చుకుంటే నివాల్డో నవ్వి, మా ఆవిడ కూడా సాయం చేస్తుందనేవాడు. నేను చదువుకుంటానని ఒకసారి అడిగితే, నీకు సూది చాలులే అన్నాడు.

అతను పోయాక చర్చి హాల్లో పెద్దవాళ్లకు పెట్టిన బడిలో చేరాను. షెడ్డును మరిది ఎడిల్సన్ తీసుకున్నాడు. ఎలా తీసుకున్నాడో, ఎవరిచ్చారో నాకు తెలియదు, నన్నెవరూ అడగలేదు. బోర్డు మీద అన్న పేరు పక్కన తమ్ముడి పేరు చేరింది. "నీకేం మారలేదు వదినా, నీ పని నీదే," అన్నాడు. నా చేతిలో పలక చూసి, "ఈ వయసులో అక్షరాలెందుకు, ప్రేమలేఖలు రాస్తావా?" అని షెడ్డులో తోలు మోసే పనివాళ్లందరూ వినేలా నవ్వాడు.

ఇక ఆ పొద్దున వచ్చింది రెజానీ, ఫ్యాక్టరీలో అమ్మకాలు చూసే ఆవిడ. వెంట ఫొటోగ్రాఫర్. వాటాల కంపెనీ ఒకటి మా విమానంలోనూ పోటీవాడి విమానంలోనూ కూర్చుని చూసి, ఏదో ఒకటి తేల్చుకుంటానందట. పోటీవాడి సీట్లు యంత్రాలు కుట్టినవి. అందుకని మనం చేతికుట్టును చూపించి అమ్ముదామని ఫ్యాక్టరీ నిర్ణయించింది. విమానం తలుపు పక్కన చిన్న ఇత్తడి రేకు, దాని మీద కుట్టిన మనిషి పేరు. ఆరు సీట్లలో అయిదు పూర్తయ్యాయి. ఆరోది నా బల్ల మీద ఉంది.

నేను పళ్లెంతో వెళ్లేసరికి ఆ బల్ల ముందు ఎడిల్సన్ కొత్త చొక్కాతో కూర్చుని ఉన్నాడు. నా వేలితొడుగు పెట్టుకోబోతే అది అతని వేలి కణుపు దగ్గరే ఇరుక్కుపోయింది. ఏళ్ల తరబడి నా వేలి ఆకారానికి వచ్చిన తోలు అది. అన్నీ మీరే కుడతారా అని రెజానీ అడుగుతోంది.

"మా అన్న దగ్గర నేర్చుకున్నానండీ. మా వదిన కూడా కాస్త సాయం చేస్తుంది."

సాయం. ఆ మాట తింటూనే ఇంతకాలం బతికాను. ఆ పూట మాత్రం గొంతు దిగలేదు. పళ్లెం కింద పెట్టాను.

"ఈరోజు సాయం చెయ్యను ఎడిల్సన్. నువ్వే కుట్టు."

అతను నవ్వాడు. అన్న పోయినప్పటి నుంచి వదినకి మనసు బాగోలేదని వాళ్లకు చెప్పాడు. రెజానీ నవ్వలేదు. కుడుతూ ఉంటే ఫొటో ఇంకా బాగుంటుంది, కానివ్వండి అంది. అతను సూది తీసుకుని తోలు మీద ఆనించాడు. కానీ గుచ్చలేదు. పక్కనున్న అయిదింటితో ఆ ఒక్క కుట్టు కలవదని అతనికి తెలుసు. సూది పక్కన పెట్టి, నాకు మాత్రమే వినపడేలా, "వదినా, ఇంటి పరువు," అన్నాడు.

"ఎవరింటి పరువు? బోర్డు మీద నా పేరుందా?" అన్నాను. అందరికీ వినపడేలాగే అన్నాను.

రెజానీ నా చేతులకేసి చూసింది. చూపుడువేలు పక్కన దారం కోసిన గీత, బొటనవేలి మీద గట్టిపడ్డ చర్మం. ఆమె కలం తీసి, రేకు మీద వెయ్యడానికి పేరు చెప్పమంది. ఎడిల్సన్ నాకంటే ముందు నోరు తెరిచాడు.

"నేనే రాస్తాను," అన్నాను. "నాకు టైం పడుతుంది. ఆగాలి."

ఆగారు. ఫొటోగ్రాఫర్ ఆగాడు, ఎడిల్సన్ నిలబడి ఆగాడు. మొదటిసారి ఒక విమానం నాకోసం ఆగింది.

ఆ కంపెనీ సగం విమానాలు మా దగ్గర కొంది, సగం పోటీవాడి దగ్గర. బేరం చేతిలో ఉంచుకోవడానికట. ఆరో సీటు కుట్టి ఇచ్చాక నేను షెడ్డులో ఉండలేదు. ఇప్పుడు ఫ్యాక్టరీ పని నేరుగా నా పేరుతోనే వస్తుంది. బల్లా, సూదులూ, వేలితొడుగూ నాతో తెచ్చుకున్నాను. కాఫీ పళ్లెం మాత్రం ఆ ఇంట్లోనే వదిలేశాను.

అల్జీరా మూరా బెనెవిదిస్
అరవై ఆరేళ్లు
ఇప్పుడు ఉండేది జకరెయీలో, నది వైపు కిటికీ ఉన్న గదిలో