చేతులు వెనక్కి

శనివారం కదా అని ఆమె ఉంగరం తీసి సబ్బుపెట్టెలో పెట్టింది. సింకు అడుగున పాత తువ్వాలు నాలుగు మడతలు వేసి పరిచి, గోరువెచ్చని నీళ్లు పట్టింది. భర్త ఏరికోరి కొన్న పాతకాలపు ఫ్రెంచి గాజు పూలవాజులు పద్నాలుగు. ఒక్కొక్కటే షోకేసులోంచి రావాలి, కడిగించుకోవాలి, తుడిపించుకోవాలి, మళ్లీ తన చోట నిలబడాలి. గాజు మీద రంగుగాజు పొర పోసి, పై పొరని చెక్కి తేల్చిన ఆకులూ తూనీగలూ. తూనీగ రెక్కల సందులో దుమ్ము చేరితే ఆయనకి వీధి గుమ్మంలోంచే కనిపిస్తుంది. ఆమెకి జ్వరం వస్తే మాత్రం థర్మామీటరు చూపించాలి.

పదకొండేళ్లుగా ఒక్కటీ పగల్లేదు. అయినా కడిగే ప్రతిసారీ పగిలిన చప్పుడు ఆమె చెవిలో ముందే వినిపిస్తుంది. పెంకు పాప కాల్లో దిగినట్టు, ఆస్పత్రికి బండి దొరకనట్టు, దొరికినా అక్కడ డాక్టరు లేనట్టు, అన్నీ వరసగా. అందుకే పాపకి నడక వచ్చిన రోజే నేర్పింది, హాల్లోకి వస్తే చేతులు వెనక్కి కట్టుకోవాలని. ఆయన మురిసిపోయాడు. "మా అమ్మాయి క్రమశిక్షణ చూశారా" అని స్నేహితులకి చూపించాడు. ఇన్నిటిని ఎలా కాపాడుతున్నారని వాళ్లడిగితే, "కన్నపిల్లల్లా చూసుకుంటానండీ" అన్నాడు. టీ కప్పులతో నిలబడ్డ ఆమె వైపు ఎవరూ చూడలేదు. ఒకసారి నడుం పట్టేసి గొణిగితే అత్తగారు, "వాడు తాగుతాడా, తిరుగుతాడా? నాలుగు గాజు సామాన్లు కొనుక్కుంటాడు. దానికీ ఏడుపేనా?" అంది. నిజమే కాబోలనుకుని ఊరుకుంది.

నిన్న బడిలో టీచరమ్మ పక్కకి పిలిచింది. "మీ పాప బంతి విసిరితే పట్టుకోదండీ. చేతులు వెనక్కి పెట్టుకుని అలాగే నిలబడుతుంది. మొహానికి తగిలినా చేతులు తియ్యదు. ఇంట్లో ఎవరైనా కొడతారా?"

"అయ్యో, లేదండీ. ఎవరూ కొట్టరు."

ఇంటికొచ్చేదాకా ఆ మాట కాళ్లకి చుట్టుకుంటూనే ఉంది. కొట్టలేదు. కొట్టకుండానే చేసింది. అదీ ఆయన కాదు, తనే. ఇన్నేళ్లూ లేనిపోనివన్నీ ఊహించుకుని హడలిపోయిందే, ఇదొక్కటి ఊహకి రాలేదు.

ఆరో వాజు తీసింది. ఊదారంగు తూనీగది, ఆయనకి అన్నిట్లోకీ ప్రాణం. పాప వంటింటి గుమ్మంలోంచి చూస్తోంది. చేతులు వెనకే ఉన్నాయి.

"చెప్పులు వేసుకుని రా. స్టూలెక్కు."

"నాన్న తిడతారు."

"తిట్టేది నన్నేలే. నాకు అలవాటే."

పాప స్టూలెక్కింది గానీ చేతులు కదపలేదు. "పడిపోతే?"

అచ్చం తన గొంతే. "పడితే చీపురుంది. చేతులు ముందుకి పెట్టు తల్లీ."

రెండు చిన్న అరచేతులు ముందుకొచ్చాయి. ఎక్కడ దాచుకోవాలో తెలియనట్టు గాల్లో ఆగాయి. తడి వాజు వాటిలో పెట్టింది.

"ఏయ్, ఏం చేస్తున్నావు? మతుండే చేస్తున్నావా?" గుమ్మంలో ఆయన.

"కాస్త మెల్లిగా మాట్లాడండి. పాప పట్టుకుంటోంది."

వాజు ఒకపక్కకి ఒరిగింది. పాప వేళ్లు బిగుసుకున్నాయి. అలవాటు కొద్దీ ఆమె రెండు చేతులూ వాజు కిందకి, పట్టుకోవడానికి దూసుకుపోయాయి. వాటిని ఆపింది. తీసి, వెనక్కి కట్టుకుంది.