నోటి నిండా నీళ్ళతో థీమ్ పరీక్ష

చిట్టి పొద్దుట్నుంచీ నోటి నిండా నీళ్ళు పోసుకుని ఇల్లంతా తిరుగుతోంది. బుగ్గలు రెండూ బూరల్లా ఉబ్బి ఉన్నాయి. అన్నయ్య పేపర్లోంచి తలెత్తి, "పన్ను నొప్పా?" అన్నాడు. చిట్టి చెయ్యి అడ్డంగా ఊపింది. "గొంతు నొప్పా?" మళ్ళీ ఊపింది. "అయితే పిచ్చే," అని తేల్చేసి ఆయన పేపర్లోకి వెళ్ళిపోయాడు.

ముందుగదిలో కుట్టుమిషను ఆగింది. "ఇల్లెంత ప్రశాంతంగా ఉందో! వారానికోసారి పెట్టుకో అమ్మాయ్ ఈ కార్యక్రమం," అని వదిన గొంతు వినిపించింది.

చిట్టి సింకు దగ్గరికి పరిగెత్తి నీళ్ళు ఉమ్మేసి వచ్చింది. "సాయంత్రం నాకు పరీక్ష వదినా! ప్రాక్టీసు చేసుకోవద్దూ?"

ఆ పరీక్ష సంగతి కాస్త చెప్పుకోవాలి. చిట్టి వారమంతా ఆఫీసు పని చేసి, ఆదివారం రాగానే లినక్స్ సంఘానికి పరిగెడుతుంది. పాత కంప్యూటర్లలో కూడా హాయిగా నడిచేలా, కంప్యూటర్ని నడిపించే మూల ప్రోగ్రామైన లినక్స్‌ని మలిచి, అడిగినవాళ్ళకల్లా ఉచితంగా ఇచ్చే సంఘం అది. ఆరునెలలకోసారి కొత్త విడుదల ఉంటుంది. అందులోకి ఎవరు రాసిన పనిముట్టు ప్రోగ్రాము ఎక్కాలన్నా ఒకటే పరీక్ష. లినక్స్ ముఖం చూడని మనిషి ఎవరైనా వచ్చి, ఆ పనిముట్టుతో పని పూర్తిచెయ్యాలి. తయారుచేసినవాళ్ళు పక్కనే నోట్లో నీళ్ళు పోసుకుని కూర్చోవాలి. పని అయ్యేదాకా మింగకూడదు, ఉమ్మకూడదు.

ఎందుకంటే తయారుచేసినవాళ్ళకి నోరు ఊరుకోదు. "అది కాదండీ, దాని పక్కది... ఆ, ఇప్పుడు కుడివైపు నొక్కండి..." అంటూ చివరిదాకా తోసుకెళ్ళి, "చూశారా, ఎంత తేలికో!" అంటారు. ఇలా చాలామంది గట్టెక్కడం చూసి చూసి విసిగిపోయిన గొడుగు మాస్టారు పెట్టారు ఈ నీళ్ళ నియమం. ఆయన సంఘానికి పెద్ద, రిటైరైన లెక్కల మాస్టారు. ఎండైనా వానైనా, కరెంటు ఫ్యాను కింద కూర్చున్నా సరే, చేతిలో గొడుగు ఉండాల్సిందే.

చిట్టి తయారుచేసిన పనిముట్టు పేరు తొడుగు. లినక్స్‌లో తెరకి మనకి నచ్చిన బట్టలు వేసుకోవచ్చు. తెర మీద తెరుచుకునే కిటికీల అంచులు, బటన్ల ఆకారం, రంగులు అన్నీ ఒకేసారి మారిపోతాయి. వాటినే థీములంటారు. ఎంత అందమైనవి కావాలంటే అంత అందమైనవి, ఊరికే దొరుకుతాయి. కానీ కొత్తవాళ్ళు ఒకటి తెచ్చి వేసుకోవాలంటే తల ప్రాణం తోకకొస్తుంది. మూటగా వచ్చిన ఫైలు విప్పాలి, కంటికి కనపడకుండా దాక్కున్న ఫోల్డరొకటి వెతికి పట్టుకోవాలి. అది లేకపోతే కొత్తగా కట్టుకోవాలి. మూటలో ఇంకో మూట ఉంటే ఏది లోపల పెట్టాలో తెలిసి చావదు. అన్నీ చేశాక చూస్తే తెర మునుపటిలాగే బూడిదరంగులో పళ్ళికిలిస్తూ ఉంటుంది.

చిట్టి ఆ బాధంతా తీసిపారేసింది. తెర మీద ఒక డబ్బా, దాని మీద "థీమ్‌ని ఇక్కడ పడేయండి" అన్న మాట. పడేస్తే తొడుగే చూసుకుంటుంది. ఇవాళ గట్టెక్కితే ఈ విడుదలలోకి వెళ్తుంది. లేదంటే ఇంకో ఆరునెలలు అది చిట్టి కంప్యూటర్లోనే మగ్గాలి. ఏడాది పాటు ఆదివారాలన్నీ దాని మీదే ధారపోసిన చిట్టికి ఆ మాట తలుచుకుంటేనే గుండెల్లో రాయి పడుతోంది.

ఇంతలో ఫోను. పరీక్షకి వస్తానన్న వీధి చివరి బార్బరుకి నడుం పట్టేసిందట!

చిట్టి కళ్ళు మెల్లగా ముందుగది వైపు తిరిగాయి.

"నేనా? నాకేం తెలుసని?" అంది వదిన.

"ఏమీ తెలియదనేగా పిలుస్తోంది!"

"విన్నారా మీ చెల్లెలి మాట! మొహం మీదే అనేసి మళ్ళీ సాయం రమ్మంటోంది." అంటూనే వదిన కత్తెర పక్కన పెట్టి, మంచి దువ్వెన కోసం వెతకడం మొదలెట్టింది.

*

సైకిల్ షాపు పైన ఉన్న గదిలో సంఘం కూర్చుంది. గొడుగు మాస్టారు గ్లాసు అందించారు. చిట్టి నోరు నింపుకుంది. "అమ్మా, ఈ తెరని మీకు నచ్చినట్టు మార్చుకోండి. అంతే పని," అన్నారాయన వదినతో.

తెర మీద థీముల పేజీ తెరిచి ఉంది, దాని పక్కనే తొడుగు డబ్బా. వరసగా బొమ్మలు, ప్రతి బొమ్మ కింద చిన్న అక్షరాల్లో డౌన్‌లోడ్ అన్న మాట. వదిన గుడ్డల కొట్లో కూర్చున్నట్టు సర్దుకుని కూర్చుంది.

"ఈ ఎరుపు ఒక్క ఉతుక్కి దిగిపోయేలా ఉంది. ఈ పచ్చ... ఊహూఁ, మొహం నల్లబడుతుంది. ఏమ్మా, నువ్వేమంటావు?" అని పక్కకి తిరిగి చిట్టి బుగ్గలు చూసింది. వదిన మొహం వెలిగిపోయింది. "ఓహో, నువ్వేమీ అనలేవుగా! మాస్టారూ, ఈ పిల్లతో ఒకే ఇంట్లో ఉంటున్నాను, నా మాట సగంలో తుంచకుండా ఉన్న రోజు ఇదే. వాషింగ్ మిషను కొన్నప్పుడు ఏం చేసిందనుకున్నారు? నన్ను ముట్టుకోనివ్వకుండా గంటసేపు పాఠం చెప్పి, ఆఖరికి తనే కుళాయి తిప్పడం మర్చిపోయింది!"

గదంతా గొల్లుమంది. చిట్టి ముక్కుతో బుసకొట్టింది.

వదినకి లేతనీలం థీమ్ ఒకటి నచ్చింది. చెయ్యి జారి మౌసు కుడి బటన్ నొక్కింది. చిన్న పట్టీ తెరుచుకుంది, అందులో "బొమ్మని దాచుకో" అని ఉంది. "ఇదే కావాల్సింది," అని నొక్కేసింది. బొమ్మ వచ్చి తెర మీద కూర్చుంది. వదిన దాన్ని జాగ్రత్తగా పట్టి లాక్కెళ్ళి డబ్బాలో పడేసింది.

"ఇది థీమ్ కాదు," అంది తొడుగు.

చిట్టి గుండె జారి చెప్పుల్లోకి వచ్చేసింది. ఆ మాట రాసింది తనే. అప్పుడు ఎంత చక్కగా అనిపించిందో!

"కాదా? కళ్ళెదురుగా ఉంటే కాదంటుందేం?" వదిన మళ్ళీ పడేసింది. "ఇది థీమ్ కాదు." ఇంకాస్త గట్టిగా, విసిరినట్టు పడేసింది. మళ్ళీ అదే మాట. "మాస్టారూ, మీ కంప్యూటరు అబద్ధాలాడుతోంది!"

దాని కిందే వదినా! ఆ బొమ్మ కిందే ఉంది డౌన్‌లోడ్ అన్న మాట! అని లోలోపలే అరుస్తూ చిట్టి రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది. కళ్ళలోంచి కూడా నీళ్ళొచ్చేలా ఉన్నాయి.

అంతలో వదిన ఫోను మోగింది. "ఆఁ, చెప్పమ్మా. ఫోటో పంపావా? చూశాలే, అలాంటి గౌనే కదా నీక్కావాల్సింది? సరే, రేపొచ్చి కొలతలిచ్చి వెళ్ళు. గుడ్డ నేను తెప్పిస్తా." ఫోను పెట్టేసి మళ్ళీ తెర మీద కస్సుమంది. "చెప్పు, ఎందుకు కాదు?"

చిట్టి ఫోను వంక చూసింది, తెర వంక చూసింది. గౌను కావాలన్నవాళ్ళు బొమ్మ పంపిస్తారు, వదిన దాన్ని చూసి కుట్టిపెడుతుంది. రోజూ ముందుగదిలో కళ్ళ ముందు జరిగేదే! కడుపులోంచి నవ్వు పుట్టింది. ఆపింది. పొంగింది. పెదాలు బిగించింది. అంతే, నోట్లో నీళ్ళు ఫట్టుమని ఫౌంటెన్లా లేచి గొడుగు మాస్టారి మీద పడ్డాయి.

గది మొత్తం బిక్కచచ్చిపోయింది. ఆయన ఒళ్ళో మడిచిన గొడుగు, గడ్డం మీంచి చుక్కలు. "ఇన్నేళ్ళలో ఒక్క వానకి తడవలేదమ్మా నేను," అన్నారు నెమ్మదిగా.

"పరీక్ష పోయినట్టే," అన్నారెవరో.

"పోయింది! పోతే పోనివ్వండి, ముందు వినండి!" చిట్టి లేచి గంతులేస్తోంది. "ఎవరైనా బొమ్మనే కదా మాస్టారూ ఇష్టపడేది! బొమ్మ ఇస్తే, ఇది కాదు పొమ్మంటామా? మనమే వెతికి తెచ్చి తొడగాలి! ప్రతి బొమ్మ ఫైలు పేరులోనూ దాని థీమ్ పేరుంది, పట్టుకోవడం ఎంతసేపు?"

మాస్టారు కళ్ళజోడు తుడుచుకున్నారు. "కింద టీ తాగి వస్తాం. ఆలోపల అవుతుందా? అయితే మళ్ళీ పరీక్ష."

వాళ్ళు మెట్లు దిగేలోపే చిట్టి కీబోర్డు మీద టపటపలాడించేస్తోంది.

తిరిగొచ్చాక వదిన కుర్చీ లాక్కుంది. మాస్టారు అడ్డుపడ్డారు. "మీరింక పనికిరారమ్మా. ఇప్పుడు మీరు తెలిసినవాళ్ళు." ఆ మాటకి వదిన రెండంగుళాలు పెరిగింది. "తెలిసినవాళ్ళందరూ నీళ్ళు పోసుకోవాలి," అని గ్లాసు చేతిలో పెట్టేసరికి మళ్ళీ తగ్గింది.

కొత్త మనిషి ఎక్కడ దొరుకుతాడా అని అందరూ గుమ్మం వైపు చూస్తుండగా, హెల్మెట్ చేత్తో పట్టుకుని అన్నయ్య లోపలికొచ్చాడు. "ఏమోయ్, ఇంకా ఎంతసేపు? చీకటి పడేలోపు..." అని ఆగిపోయాడు. గదినిండా కళ్ళు ఆయన్ని ఆకలిగా చూస్తున్నాయి. వెనక్కి తిరిగేలోపే పట్టి కూర్చోబెట్టేశారు.

పక్కన పెళ్ళాం బుగ్గలు, చెల్లెలి బుగ్గలు. "నీకూ మొదలైందా?" అన్నాడు. ఇద్దరూ బుగ్గలే చూపించారు. అన్నయ్య మొహంలో ఏదో హాయి పాకింది. "అయితే నాకు నచ్చింది నేనే చూసుకోవచ్చన్నమాట."

మాస్టారు ముందుజాగ్రత్తగా గొడుగు విప్పారు.

అన్నయ్య తీరిగ్గా చూసుకుంటూ వెళ్ళి మట్టిరంగు థీమ్ దగ్గర ఆగాడు. "అదీ! అచ్చం నా పాత చొక్కా రంగు. ఎంత మంచి చొక్కా! పోయిన నెల్నుంచీ కనపడటం లేదు, ఎక్కడ పెట్టావోయ్?" వదిన కనుబొమ్మలు నుదుటిపైకి వెళ్ళిపోయాయి. ఆయన బొమ్మ మీద అటూ ఇటూ నొక్కి, పట్టీలో కనపడ్డ "బొమ్మని దాచుకో" నొక్కి, దాన్ని లాక్కొచ్చి డబ్బాలో పడేశాడు.

చిట్టి కుర్చీ అంచుకి జరిగింది.

"ఈ బొమ్మలో ఉన్న థీమ్ దొరికింది. తెచ్చి తొడుగుతున్నాను," అంది డబ్బా. కిటికీల అంచులు, బటన్లు, పట్టీలు, తెర మొత్తం ఒక్కసారిగా మట్టిరంగులోకి మారిపోయింది.

అన్నయ్య ఇటూ అటూ చూశాడు. "ఇంతేనా? దీనికోసమా చిట్టీ, ఏడాదంతా అంత హడావిడి?"

ఇంతకన్నా తియ్యని మాట చిట్టి పుట్టాక వినలేదు. "ఇక మింగమ్మా, విడుదలలో వేసేశాం," అన్నారు మాస్టారు గొడుగు కిందనించి. చిట్టి గుటుక్కున మింగి, "ఇంతే అన్నయ్యా! ఇంతే, ఇంతే!" అని ఆయన మెడ పట్టుకుని ఊపేసింది.

అక్కడితో వదిన ఓపిక అయిపోయింది. నీళ్ళు భళ్ళున బయటికొచ్చాయి. మాస్టారికి గొడుగు అడ్డం ఉంది, అన్నయ్యకే ఏమీ లేదు. "ఆ రంగా! దాన్ని చింపి పీలికలు చేస్తే గానీ నాకు మనశ్శాంతి లేకపోయింది, మళ్ళీ తెర మీదకెక్కించారా?"

మొహాన నీళ్ళు కారుతూ అన్నయ్య చెయ్యి చాపాడు. వదిన అలవాటుకొద్దీ సంచీలో చెయ్యిపెట్టి గుడ్డముక్క ఒకటి తీసిచ్చింది. ఆయన తుడుచుకుని, ముక్కని వెలుతురులోకి ఎత్తి పట్టుకుని, తెర పక్కన పెట్టి చూసుకున్నాడు.

"చూశావా!" అన్నాడు సంబరంగా. "నేను చెప్పలా, అచ్చం అదే రంగు!"