ముక్కుచెంప

ముక్కుచెంప అంటే ఏమిటో తెలియని అదృష్టవంతులు ఎవరైనా ఉంటే వాళ్లకోసం చెప్పాలి. అయ్యవారు ఒక ప్రశ్న వేస్తాడు. చెప్పలేనివాళ్లు ఒక్కొక్కరే లేచి నిలబడతారు. చివరికి ఎవరో ఒకరు జవాబు చెబుతారు. ఆ చెప్పినవాళ్లు, నిలబడినవాళ్లందరి దగ్గరికీ పోయి, ఎడమచేత్తో ముక్కు పట్టుకుని కుడిచేత్తో చెంప వాయించాలి. ముక్కెందుకు పట్టుకోవాలంటే, మొహం పక్కకు తిప్పుకోకుండా. ఇంత ముందుచూపుతో ఈ పద్ధతి పెట్టినవాడెవడోగాని వాడి పేరు ఎవరికీ తెలియదు. బతికిపోయాడు.

బేతంచెర్ల స్టేషన్లో రైలు కూస్తే వినపడేంత దూరంలో ఒక ఊరు ఉంది. ఆ ఊరి మిడిల్ స్కూల్లో గోడమీది చక్రవర్తి పటం ఎంత పాతదో ముక్కుచెంప కూడా అంత పాతదే. ఆరో తరగతి అయ్యవారు శాంతయ్య దుర్మార్గుడేమీ కాదు. పిల్లలకు జ్వరమొస్తే ఇంటికి పోయి చూసి వచ్చేవాడు. లెక్కలు కూడా కథ చెప్పినంత ఇష్టంగా చెప్పేవాడు. కాని తాను చిన్నప్పుడు ముక్కుచెంపలు తిన్నాడు కాబట్టే అయ్యవారు కాగలిగానని ఆయన గట్టి నమ్మకం. ఆ నమ్మకాన్ని కదిలించే మనిషి ఆ ఊళ్లో ఇంకా పుట్టలేదు.

ఆ తరగతిలో ఉన్న ఒకే ఒక్క ఆడపిల్ల అంజనమ్మ, మగ్గం నేసే కాశన్న కూతురు. చెప్పిన పాఠం చెప్పినట్టు అప్పజెప్పేది. దాంతో శాంతయ్యకు మంచి అవకాశం దొరికింది. ఆ పిల్లను మగపిల్లల మీదికి పంపి, "ఆడపిల్ల చేత తన్నులు తింటాండారు గదరా, సిగ్గుండాదా మీకు" అని ఒక్కొక్కడినీ అడిగేవాడు. ఆ సిగ్గంతా వాళ్లు తెచ్చి అంజనమ్మ మీద వేసేవాళ్లు. బడి వదిలాక ఒక్కరూ పలకరించేవాళ్లు కారు. ఆమె నీళ్లకుండ దగ్గరికి వస్తే కావాలనే కుండ ఖాళీ చేసి పోయేవాళ్లు. అందరికంటే పెద్దవాడైన ఓబన్న, ఆమె ఎదురుపడితే చాలు, "చెంపలు దాచుకోండిరా" అని కేకవేసేవాడు.

ఒక్క జమాల్ బాషా మాత్రం మాట్లాడేవాడు. గనిలో బండలు తీసే ఖాసిం సాహెబ్ కొడుకు, ఉండేది పక్క వీధిలోనే. రోజూ ఆమె చేతి దెబ్బ తినేవాడే, సాయంత్రం ఇంటికి నడుస్తూ "ఈ పొద్దు మెల్లగానే ఏసినావులే మే" అని నవ్వేవాడు. అంజనమ్మ వాడికి నిజంగానే మెల్లగా వేసేది. చివరికి అదే కొంప ముంచింది.

శాంతయ్య ఒకనాడు అది కనిపెట్టాడు. "చెంప ఏస్తాండావా, ఈగను తోలుతాండావా? ఇట్లెయ్యాల" అని అంజనమ్మ ముక్కు పట్టుకుని ఆమె చెంపమీదే వేసి చూపించాడు. పిల్లకు కళ్లు బైర్లు కమ్మాయి. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. ఎదురుగా జమాల్ ముక్కు ముందుకు పెట్టి నిలబడి ఉన్నాడు, ఎప్పటిలాగే మెల్లగా వేస్తుందనుకుని. అవమానమూ ఏడుపూ కలిసి ఆమె చేతిలోకి వచ్చాయి. దెబ్బ చెంప దాటి చెవిమీద పడింది.

జమాల్ చెవి పట్టుకుని కింద కూలబడ్డాడు. వేళ్ల సందుల్లోంచి సన్నగా నెత్తురు వచ్చింది. శాంతయ్య గొంతు కాస్త తగ్గించి "పో, నీళ్లతో కడుక్కోపో" అన్నాడు. ఆ తర్వాత పాఠం చెప్పుకుంటూ పోయాడు. నీళ్లకుండ దగ్గరికి పోయిన జమాల్ మళ్లీ లోపలికి రాలేదు. మరునాడూ రాలేదు, ఆ తర్వాతా రాలేదు.

అంజనమ్మ ధైర్యం చిక్కబట్టుకుని వాళ్లింటికి పోయింది. జమాల్ తల్లి దౌలత్ బీ, కొడుకును ఒళ్లో పడుకోబెట్టుకుని, చెవిలో వెల్లుల్లి కాచిన నూనె వేస్తోంది. ఆమె తిట్టి ఉంటే పిల్లకు ఎంతో బాగుండేది. "కూచో బిడ్డా" అంది, అంతే. అంతలో స్టేషన్లో రైలు కూసింది. కూత వినగానే తల ఎత్తి చూడడం జమాల్‌కు అలవాటు. స్టేషను ఉన్నది ఉత్తరాన. వాడు లేచి దక్షిణానికి తిరిగి చూశాడు.

"ఎడమ చెవి పోయినట్టే" అన్నాడు గుమ్మంలో కూర్చున్న ఖాసిం సాహెబ్. "బడికి పోనంటాండాడు. ఇంగ నాతో గనికి తోలకపోతాలే పాపా."

"గనిలో బండ జారితే తప్పుకోమని అరుస్తారు గదా" అంది దౌలత్ బీ. "ఆ అరుపు యా పక్కనుంచి వచ్చిందో వీనికి ఎట్ల తెలుస్తాది?"

జమాలే అన్నాడు, అంజనమ్మ మొహం చూడకుండా: "సదువుకు రమ్మంటే వస్తా. ముక్కుచెంపకు రాను. ఆడ ఏసేది నువ్వే గదా."

ఆ రాత్రి ఆ పిల్ల అన్నం ముట్టలేదు. చదువు మానేద్దామా అనుకుంది. తాను మానేస్తే తన చోటులో ఇంకొకరు నిలబడి కొడతారు. జమాల్ మాత్రం గనికే పోతాడు. ఆలోచించగా ఆలోచించగా ఒకటే దారి కనపడింది. జవాబు చెప్పేవాళ్లే లేకపోతే కొట్టేవాళ్లూ ఉండరు.

మరునాడు శాంతయ్య ప్రశ్న వేసి, అలవాటుగా ఆమె వైపే చూశాడు. అంజనమ్మ లేచి నిలబడింది. జవాబు నాలుక చివరే ఉంది.

"తెల్దు అయివారూ."

శాంతయ్యకు నమ్మబుద్ధి కాలేదు. ఇంకొకటి అడిగాడు. అదీ తెలీదంది. ఆయనకు కోపమొచ్చి బెత్తం తీశాడు. ఆమె చెయ్యి చాపింది. బెత్తం దెబ్బకు అరచెయ్యి భగ్గున మండింది. ఆశ్చర్యమేమిటంటే, ఇన్నాళ్లూ ఇంకొకరి చెంపమీద వేసినప్పుడు ఆ చేతిలో ఉండిపోయిన మంటకంటే ఇదే తేలికగా ఉంది.

మగపిల్లలకు మొదట అర్థం కాలేదు. ముందు అర్థమైంది ఓబన్నకే, ఎక్కువ తిన్నవాడు వాడే కాబట్టి. తర్వాతి ప్రశ్నకు జవాబు వాడికి తెలుసు. అంజనమ్మను ముక్కు పట్టుకుని వాయించే రోజు కోసం వాడు ఎన్నాళ్లుగా కాచుకుని ఉన్నాడో ఆ దేవుడికే తెలియాలి. వాడు నోరు తెరిచాడు. ఎర్రగా కమిలిన ఆమె చెయ్యి చూశాడు. "తెల్దు అయివారూ" అని వాడూ చెయ్యి చాపాడు.

అప్పటినుంచి ఆరో తరగతిలో ఎవరికీ ఏమీ తెలియదు. మధ్యాహ్నం గోడనీడన చేరి తెలిసినవాళ్లు తెలియనివాళ్లకు చెప్పుకునేవాళ్లు, లోపలికి వచ్చి అందరూ కలిసి మొద్దులయ్యేవాళ్లు. కుండలో అంజనమ్మకు నీళ్లు మిగిలేవి. శాంతయ్య బెత్తం మాత్రం అరిగిపోతోంది. రోజూ అన్ని చేతుల మీద కొట్టీ కొట్టీ, ఈ పిల్లలకు ఏమైందోనని పాపం ఆయన కూడా నిద్రపోవడం మానేశాడు.

"ముక్కుచెంప ఆగిపోయింది, రా" అని అంజనమ్మ జమాల్‌కు చెప్పింది. ఎట్లా ఆగిందో చెప్పలేదు. నీకోసమే తన్నులు తింటున్నామని ఏ మొహం పెట్టుకుని చెబుతుంది?

దౌలత్ బీ కొడుకును వెంటబెట్టుకుని బడికి వచ్చింది. గడప బయటే నిలబడి, "ఎడమ చెవి ఇనపడదు అయివారూ. మీ మాట కుడిపక్క పడేటట్టు కూచోబెట్టండి" అంది. చెవి ఎట్లా పోయిందో ఆమె చెప్పలేదు, ఆయన అడగలేదు. "సరేమ్మా" అన్నాడు శాంతయ్య, తల వంచుకుని. అంజనమ్మ అడగకుండానే లేచి, అయ్యవారి కుర్చీ పక్కనున్న తన చోటు వాడికిచ్చింది. అక్కడ కూర్చుంటే వాడి కుడిచెవికి అయ్యవారు, ఎడమ పక్క తక్కిన తరగతంతా.

పక్కనున్న ఓబన్న వాడివైపు వంగి గుసగుసగా చెప్పాడు: "ఏమడిగినా తెల్దను." చెప్పింది ఎడమ చెవిలో.

శాంతయ్య ఆరోజు కావాలనే తేలిక ప్రశ్న అడిగాడు. "మన కుందూ నది పోయి ఏ నదిలో కలుస్తుంది?" అది ఆ ఊళ్లో గొడ్లు కాసేవాళ్లకూ తెలుసు. వరసగా ఒక్కొక్కరే లేచారు. తెల్దు, తెల్దు, తెల్దు. అంజనమ్మ కూడా తెలీదంది. చివర మిగిలింది జమాల్. ఇంత చిన్నది ఎవరికీ తెలియకపోవడమేమిటని వాడికి వింతగా ఉంది. మళ్లీ బడికొచ్చిన సంతోషంలో గట్టిగా చెప్పాడు.

"పెన్నలో అయివారూ."

తరగతంతా వాడివైపు తిరిగింది. శాంతయ్య మొహం మాత్రం విప్పారింది. "శెభాష్. ఒక్కడన్నా ఉండాడు. లే, ఏయి అందరికీ. ముందు ఈ యమ్మితో మొదలుపెట్టు."

జమాల్ లేచి అంజనమ్మ ఎదుటికి వచ్చాడు. ఆమె కళ్లు మూసుకోలేదు. ఒక్క దెబ్బతో లెక్క సరిపోతుందేమోనన్న ఆశతో మొహం తానే ముందుకు పెట్టింది. జమాల్ ఆమె అరచేతులు చూశాడు. ఓబన్న చేతులు చూశాడు. వరసలో ఉన్న అందరి చేతులూ చూశాడు. అన్నీ కమిలి ఉన్నాయి.

"ఏయిరా" అన్నాడు శాంతయ్య.

జమాల్ మెల్లగా తిరిగి, ఎడమ చెవి అయ్యవారి వైపు పెట్టాడు.

"ఇనపల్యా అయివారూ."

"ముక్కు పట్టుకొని ఏయమంటాండా."

"ఇనపల్యా."

శాంతయ్య గొంతు చించుకుని అరిచాడు. ఆ అరుపుకు పక్క తరగతిలో పాఠం ఆగిపోయింది. జమాల్ ఆ చెవిని అట్లాగే పట్టుకుని నిలబడ్డాడు. "ఇనపల్యా అయివారూ" అన్నాడు, అంతే మర్యాదగా.

శాంతయ్య ఆ చెవి వైపు చూశాడు. అంజనమ్మ చెంప వైపు చూశాడు. చేతిలో బెత్తం ఉన్న సంగతి అప్పుడే తెలిసినవాడిలా దాన్ని బల్లమీద పెట్టి, కుర్చీలో కూలబడ్డాడు. తనకే వినపడీ వినపడనట్టు, "కూచోండి నాయనా" అన్నాడు.

అందరూ కూర్చున్నారు. జమాల్ ఒక్కడే నిలబడి ఉన్నాడు, ఎడమ చెవి అయ్యవారి వైపే పెట్టుకుని. శాంతయ్య ఇంకోసారి అన్నాడు, "కూచోరా జమాలూ." వాడు కదల్లేదు. ఈసారి నిజంగానే వినపడలేదు. అంజనమ్మ లేచి, వాడి చొక్కా పట్టుకుని లాగి కూర్చోబెట్టింది.