బద్వేలుకు పద్నాలుగు కిలోమీటర్లు

ముందు చక్రం ఇసకలో దిగబడగానే కామమ్మ సైకిలు దిగింది. ఇక తొక్కే దారి లేదు. ఎదురుగా సముద్రం, ఒడ్డుకు లాగిపెట్టిన పడవలు, వాటి ముందు పాలెం జనం. పద్దెనిమిది రోజుల కిందట ఆమె, ఆడబిడ్డ రోజారమణి కార్వార్‌లో పడమటి సముద్రపు నీళ్ళలో చక్రాలు తడిపి బయల్దేరారు. హుబ్బళ్ళి, బళ్ళారి, తాడిపత్రి, బద్వేలు, నెల్లూరు దాటి, కొడవలూరు మీదుగా ఇదిగో, సొంత ఊరికి వచ్చేశారు.

మొగుడు పెంచల్ ఎదురొచ్చి హ్యాండిల్ పట్టుకోబోయాడు. ఆమె ఇవ్వలేదు. ఇసకలో ఈడ్చుకుంటూ తనే తీసుకెళ్ళి అలల్లో నిలబెట్టింది. పక్కనే రోజారమణి కూడా అంతే చేసింది. నీళ్ళు మోకాళ్ళకు తగిలేసరికి ఇద్దరికీ నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

ఇరవై ఏళ్ళుగా వాళ్ళిద్దరూ సైకిళ్ళ వెనక చేపల బుట్టలు కట్టుకుని కొడవలూరు దాకా ఊళ్ళు తిరిగి అమ్ముకుంటున్నారు. అక్కడ చేపలు కొనే రూఫస్ మాస్టారు ఒకరోజు పిల్లల అట్లాసు తెరిచి, దేశానికి అవతల వైపున్న సముద్రం చూపించాడు. అక్కణ్ణుంచి ఇంటిదాకా తొక్కగలనని కామమ్మ ఊరికే అంది. అన్నాక ఆ మాట ఆమెను వదల్లేదు. ఈ ఏడు వేట నిషేధం మొదలవగానే, ఎటూ అమ్మడానికి చేపలుండవు కాబట్టి, ఇద్దరూ సైకిళ్ళతో సహా రైలెక్కారు. సగం దారిలో బస్సెక్కి వచ్చేస్తారని పాలెం పెద్ద ముత్యాలయ్య పెంచల్‌తో అన్నాడట.

బస్సెక్కలేదు. కానీ మైదుకూరు దాటాక గుట్టల మధ్య కామమ్మకు వడదెబ్బ తగిలింది. కళ్ళు తిరిగి రోడ్డు పక్కనే కూలబడింది. రోజారమణి చెయ్యెత్తి ఒక లారీని ఆపింది. డ్రైవరు సైకిళ్ళు పైకెక్కించి, ఇద్దర్నీ బద్వేలు ఆసుపత్రి దగ్గర దించిపోయాడు. రెండు సెలైన్లు ఎక్కాయి. రెండ్రోజులు పడుకున్నాక కామమ్మ లేచి కూర్చుని, లారీ ఎక్కిన చోటికి వెనక్కి పోదామంది. పద్నాలుగు కిలోమీటర్లు.

రోజారమణికి ఒళ్ళు మండింది. "ఎవురు చూశారు వదినా? ఎవురు అడగొచ్చారు?"

"ఎవురూ అడగరు. నాకే ఒప్పడంలా. నువ్వు ఈడే ఉండు, నేను పోయొస్తా."

మర్నాడు తెల్లారుజామున కామమ్మ బయటికి వచ్చేసరికి రోజారమణి అప్పటికే సైకిలుకు గాలి కొట్టించుకుని నిలబడి ఉంది. దారంతా సణుగుతూనే ఉంది. ఆ పడిపోయిన చోట, ఒక మైలురాయి పక్కన దిగి నీళ్ళు తాగి, "ఇప్పుడు తొక్కినాం గదా, ఇదే దారి గదా, చెల్లిపోయినట్టే" అని వాదించింది. మన సముద్రం ఇటు కాదు గదా అని కామమ్మ అంది. ఎట్లాగూ బద్వేలు మీదుగానే తొక్కుకుంటూ పోవాల్సిందే కాబట్టి వాదనలో అర్థం లేదని ఇద్దరికీ అప్పుడు తట్టింది. రోడ్డు పక్కన పడీపడీ నవ్వారు. వెనక్కి తిరిగి బద్వేలు చేరేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. ఈ పద్దెనిమిది రోజుల్లో కామమ్మకు అన్నిటికంటే తృప్తినిచ్చిన రోజు అదే.

ఇప్పుడు జనం వాళ్ళ చుట్టూ మూగారు. ఎవరో మెడలో దండలు వేశారు. ముత్యాలయ్య కర్ర ఊనుకుంటూ నీళ్ళ అంచుదాకా వచ్చాడు.

"నిజం చెప్పు కామమ్మా. దారిలో యాడన్నా బండెక్కినారా?"

రోజారమణి ఆమె మోచెయ్యి గిల్లింది. కామమ్మ ముసలాయన కళ్ళలోకి చూసింది.

"ఎక్కినాం మామా. పద్నాలుగు కిలోమీటర్లు, లారీలో."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. కామమ్మ గొంతు పెంచలేదు. వడదెబ్బ సంగతి, ఆసుపత్రి సంగతి చెప్పింది. మూడోనాడు వెనక్కి పోయి ఆ దారంతా మళ్ళీ తొక్కామని చెప్పింది. నవ్విన వాళ్ళు కూడా ముందుకు జరిగి విన్నారు. ముత్యాలయ్య అరవై ఏళ్ళు వేటకు పోయిన మనిషి. పాలెంలో ఎవర్నీ ఊరికే మెచ్చుకోడు.

"నేనైతే వెనక్కి పోయుండను," అన్నాడు, అందరికీ వినబడేట్టు.

ఎవరైనా మెచ్చుకుంటే 'అదేముందిలే' అని తల దించుకోవడం కామమ్మకు చిన్నప్పటి నుంచీ అలవాటు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. ఆమె దాన్ని మింగేసింది. రోజారమణి భుజం మీద చెయ్యి వేసి నిటారుగా నిలబడింది.

"అవును మామా," అంది. "మేం పోయినాం."