అరవై మూడు శాతం దగ్గర

నాలుక మీద దుమ్ము.

ఎడారి మీంచి వీచే ఉత్తరపు గాలి మొదలై వారమైంది. కిటికీ రెక్కల మీద దుమ్ము. సుద్దముక్కల మీద దుమ్ము. అసిబి పెదాల పగుళ్లలో దుమ్ము.

కంప్యూటరు మీద మాత్రం లేదు. ఆదివారం చర్చికి కట్టుకునే గుడ్డ దాని మీద కప్పి ఉంచింది.

పద్నాలుగేళ్లుగా బొంగో ఊరి బడిలో ఆమె కంప్యూటరు పాఠం చెబుతోంది — కంప్యూటరు లేకుండా. బోర్డు మీద తెర గీసేది. తెర కింద మీటలు గీసేది. పిల్లలు వరసగా లేచొచ్చి ఆ సుద్దమీటల్ని వేలితో నొక్కేవారు.

మూడేళ్ల పాటు ఒక్కో భాగమే పోగుచేసింది. మొన్న తన చేతులతోనే బిగించింది. ఫ్యాను తిరిగింది. దీపం వెలిగింది. గదిలో ఒక్కతే ఉండి కూడా చప్పట్లు కొట్టింది.

ఇక ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించడమే.

అరవై మూడు శాతం. ఆగిపోయింది.

మళ్లీ మొదలుపెట్టింది. అరవై మూడు... ఆగిపోయింది.

పెన్‌డ్రైవ్ మార్చింది. అక్కడే ఆగింది. మెమరీ ముక్క ఊడదీసి, రబ్బరుతో రుద్ది, పక్క గాడిలో గుచ్చింది. అక్కడే ఆగింది.

తప్పు తనదే అనుకుంది. బొమ్మల మీద పాఠం చెప్పిన చేతులకు అసలు యంత్రం ఎందుకు లొంగుతుంది...

మిగిలింది డిస్కు. సరికొత్తది. బోల్గా పట్నం బజారులో కొట్టు పెట్టుకున్న అకోల్గో అమ్మాడు. ఒకప్పుడు ఆమె తరగతిలో ముందు బల్ల మీద కూర్చున్న అకోల్గో.

దాన్ని ఊడదీసి, చెవి దగ్గర పెట్టి ఊపింది.

లోపల ఏదో దొర్లింది.

బెండకాయలు కోసే కత్తితో మూత లేపింది. లోపల ఫోన్లలో వేసే వేలిగోరంత మెమరీ కార్డు; అరవై మూడు శాతానికే నిండిపోతోంది. దాని పక్కన, బరువు కోసం జిగురుతో అంటించిన రెండు ఇనప నట్లు. ఒకటి ఊడింది.



ఎండ నడినెత్తికి రాకముందే ఆటో ఎక్కి బోల్గా చేరింది. విప్పిన డిస్కును కొట్టు బల్ల మీద పెట్టింది.

"ఇదేంటి అకోల్గో?"

సిగ్గుపడతాడేమోనని చూసింది. అతను నవ్వాడు.

"మూతెందుకు తీశారు మేడమ్? ఎవరు తీయమన్నారు?"

"లోపల నట్లున్నాయిరా."

"నాకిలాగే వస్తాయి, ఇలాగే అమ్ముతా. బోర్డు మీద కంప్యూటరు నేర్చుకున్నవాణ్ణి, అసలేదో నకిలీ ఏదో నాకేం తెలుస్తుంది?"

అంటూనే కింది సొరుగు లాగాడు. ఇంకో డిస్కు తీశాడు.

"ఇది అసలుది. మనవాళ్లు కాబట్టి తీస్తున్నా. ఆ పాతది ఇటివ్వండి."

అన్నీ తెలుసు వీడికి. ఏ సొరుగులో ఏముందో, ఎవరికి ఏది ఇవ్వాలో — అన్నీ.

"పాతది నీకెందుకు?"

"అదీ సరుకే కదా మేడమ్."

రోత. వాడి నవ్వంటే రోత. జిగురు పేరుకున్న వాడి బొటనవేలంటే రోత.

బళ్లో నలభై ఒక్కమంది పిల్లలు ఎదురుచూస్తున్నారు.

పాతది ముందుకు తోసింది. కొత్తది తీసుకుంది.

అకోల్గో ఊడిన నట్టు మీద జిగురు బొట్టు వేశాడు. మూత నొక్కాడు. ఆమె కళ్లముందే.

"బాబూ, డిస్కులున్నాయా? మా ఊరి డిస్పెన్సరీకి." వెనకనుంచి ఎవరో నర్సు అడిగింది.

"ఉన్నాయమ్మా, కూర్చోండి."

అసిబి నోరు తెరిచింది. చేతిలో డిస్కు చల్లగా తగిలింది. నోరు మూసుకుంది. బయటికి నడిచింది.

సాయంత్రానికల్లా నూరు శాతం.

మర్నాడు తరగతంతా యంత్రం చుట్టూ మూగింది. తెర వెలగగానే కేకలు, తోపులాట. అపోకా అనే పిల్ల జనంలోంచి దూరి ఆమె పక్కకు వచ్చింది.

"ఇది మీరే చేశారా మేడమ్? మొత్తం మీరేనా?"

ఆ పిల్ల కళ్లు మెరుస్తున్నాయి.

అసిబి కళ్లముందు కొట్టులో డిస్కు అడిగిన నర్సు మెదిలింది. ఆ పిల్ల మీంచి చూపు తిప్పుకుంది.

"అరవకండి," అంది. "కూర్చోండి అందరూ."